వదిలిన నాలుగు వచనాలు

అత్త రెండో రొట్టె తడుతోంది. నేను పొయ్యికి ఇవతల పీట మీద కూర్చుని బైబిలు చదువుతున్నాను. జొన్నపిండి మీద ఆమె అరచేయి పడుతున్నంతసేపూ నేను చదువుతూ పోవాలి. చేయి ఆగిందంటే ఆ వాక్యం మళ్లీ చదవాలి. ఇది మేమిద్దరం అనుకుని పెట్టుకున్న పద్ధతి కాదు, నాలుగు రోజుల్లో దానంతటదే కుదిరింది. రొట్టె తట్టి, పెనం మీద వేసి, తడిగుడ్డతో అద్ది, తిప్పి కాల్చేలోపల నాలుగైదు వచనాలు అయ్యేవి. పది రొట్టెలకు దాదాపు ఒక అధ్యాయం.

"మల్లా చదువు," అంది. చేయి పిండి మీదే ఆగి ఉంది.

బావి దగ్గరికి నీళ్లకు వచ్చిన ఆడమనిషి గురించిన భాగం అది. మళ్లీ చదివాను.

"మద్యానం పూట వచ్చిందా ఆమె? పొద్దున రాలేదా?"

మధ్యాహ్నమనే ఉందని చెప్పాను.

"అట్లయితే తక్కిన ఆడోళ్లతో ఆమెకు పడనట్లుంది," అని రొట్టెను పెనం మీదికి జార్చింది.

మా అత్త దేవమ్మకు చదువు రాదు. ఆళ్లగడ్డలో మా చర్చికి వచ్చే వాళ్లలో ఆ సంగతి ఎవరికీ తెలియదు. ముప్పై ఏళ్లుగా ఆరాధనలో పాట ఎత్తేది ఆమే. చేతిలో పాటల పుస్తకం తెరిచి పట్టుకుంటుంది, పక్కవాళ్లు పేజీ తిప్పితే తనూ తిప్పుతుంది. పాటలన్నీ నోటికి వచ్చు కాబట్టి ఎక్కడా తడబడదు. అందుకే పోయిన ఏడాది శ్రమకాలం మొదలైన ఆదివారం పాస్టరు అయ్యగారు ఆరాధన చివర, ఈ నలభై రోజులూ ఆడవాళ్లకు విడిగా బైబిలు స్టడీ, ప్రార్థన పెడదామని చెప్పి, గురువారం గురువారం దేవమ్మే జరిపించాలన్నారు. పెద్దామె కమలాక్షమ్మ టీచరు ఊళ్లో ఉంటే ఆమెకే చెప్పేవారు. ఆమె కంటి ఆపరేషన్ కోసం నంద్యాలలో కూతురి దగ్గర ఉంది.

అత్త లేచి సరేనంది. ఇంటికి వచ్చి, అన్నం పెట్టుకోకుండా గడప మీద కూర్చుంది.

"నిన్ను అడిగేదానికి వచ్చినప్పుడు మీ నాయన చెప్పినాడు, మా పాప టెన్తు పాసైందని," అంది నాతో. "అప్పుడు నేను పట్టించుకోలే."

బండి ఆత్మకూరు పక్కన పల్లెలో ప్రభుత్వ బడిలో చదువుకున్నాను. అత్తగారింటికి వచ్చి అప్పటికి ఎనిమిది నెలలు. మా ఆయన డోన్‌లో లారీకి పోతాడు, పదిహేను రోజులకొకసారి వస్తాడు. అత్తతో నేను మాట్లాడిన మాటలన్నీ వంట గురించి, నీళ్ల గురించి. ఆ రోజు నుంచి పొద్దున్నే గంటసేపు ఆమెకు చదివి వినిపించడం నా పని అయింది. ఏ వారానికి ఏ అధ్యాయమో అమ్మగారు, అంటే అయ్యగారి భార్య, ఒక కాగితం మీద రాసి ఇచ్చింది. వారమంతా పొద్దున పూట అదే చదివేదాన్ని. గురువారానికి అత్తకు అది మాటకు మాట వచ్చేసేది.

ఆమె ఒప్పుకున్నది పరువు కోసం మాత్రమే కాదు. అది కొద్ది రోజులకే తెలిసింది. మామ సామేలు గుడికి, అంటే మా చర్చికి, రాక తొమ్మిదేళ్లయింది. మా పెళ్లికి ఒక్కసారి వచ్చి, వెనక వరుసలో నిలబడి వెళ్లిపోయాడు. ఆయన హైవే మీద విగ్రహాలు చెక్కే ఒక షాపులో పాలిషు పని చేస్తాడు. చెక్కేది ఆచారి, మిషను పట్టేవాళ్లు వేరే, చివర గరుకు కాగితాలతో రుద్ది రాతికి నునుపు తెచ్చేది మామ. ఆదివారం కూడా పోతాడు. ఆదివారం కూలికి మరిగి దేవుణ్ణి మరిచిపోయాడని అత్త అనుకునేది, ఆ మాట ఆయనతో ఎప్పుడూ అనేది కాదు.

"ఈ ఈస్టరు పండక్కి ఆయన గుడికి రావాల," అంది నాతో, మొదటి గురువారం పొద్దున. "ప్రభువు బల్లకాడికి వచ్చి రొట్టె తీసుకోవాల. అంతకన్నా నాకేం వద్దు."

ఆ రోజు మూడు గంటలకు గుడి పక్క గదిలో పదకొండు మంది కూర్చున్నారు. మిరప కోతకు పోయి రెండింటికి దిగి, కాళ్లు కడుక్కుని వచ్చినవాళ్లే ఎక్కువ. కోత ఘాటుకు సగం మంది తుమ్ముతున్నారు. అత్త నా బైబిలు తెరిచి ఒళ్లో పెట్టుకుంది. గుర్తుకు నేను ఎర్ర దారం పెట్టి ఇచ్చాను. చూపు కాగితం మీద ఉంచి మొదలుపెట్టింది గానీ, రెండు నిమిషాల్లో చూపు పైకి లేచింది. బావి దగ్గరి ఆమె ఎండలో ఎందుకు వచ్చిందో, తక్కిన ఆడవాళ్లు ఆమెను ఎట్లా చూసేవాళ్లో చెప్పుకుంటూ పోయింది. పుస్తకంలో లేని మాట ఒక్కటీ కలపలేదు. అయినా అది మా వీధి కుళాయి దగ్గర జరిగినట్లే ఉంది.

అందరికన్నా పెద్దది గోవిందమ్మ. ఎక్కడ కూర్చున్నా కునుకు తీసే మనిషి. ఆ రోజు ఆమె కూడా నిద్రపోలేదు. "ఐదు మంది మొగుళ్లా ఆమెకి," అంది. "నాకు ఒకడితోనే మోకాళ్లు పోయినాయి." గది అంతా నవ్వింది. అత్త కూడా నవ్వి, మళ్లీ కథలోకి తెచ్చింది.

తర్వాత ప్రార్థన మనవులు. ఎవరికి ఏం కావాలో ఒక్కొక్కరే చెప్తారు, నేను నోటుపుస్తకంలో రాస్తాను, అందరూ ఆ పేర్లు పెట్టి గట్టిగా ప్రార్థన చేస్తారు. గోవిందమ్మ మోకాళ్లు, ఒకామె కొడుకు పోలీసు పరీక్ష, ఇంకొకామె కూతురి కాన్పు. చివర అత్త చెప్పింది. "మా ఇంటాయన సామేలు. ఈస్టరుకు ఆయన మనసు తిప్పమని అడగండి."

పదకొండు గొంతులు సామేలు పేరు ఎత్తాయి.

నాలుగో వారానికి ఇరవై ఆరు మంది అయ్యారు. చాప చాలక పట్ట పరిచాం. మనవులు మారేవి, కాన్పు అయింది, పరీక్ష అయిపోయింది. మామ పేరు మాత్రం ప్రతి గురువారం ఉండేది. నేను కొత్త పేజీ తిప్పగానే ముందు ఆ పేరే రాసేదాన్ని.

ఇంట్లో ఇంకొకటి జరిగింది. మొదటి గురువారం రాత్రి భోజనం దగ్గర అత్త తనంతట తనే బావి కథ మామకు చెప్పింది. ఆయన తిని లేచాడు. రెండో వారం కూడా అంతే. మూడో వారం రొట్టె తుంచుకుంటూ తనే అడిగాడు.

"ఇయ్యాల ఏం చెప్పినావు?"

ఇసుక మీద ఒకడు, రాతి మీద ఒకడు ఇల్లు కట్టుకున్న కథ చెప్పింది. మామ కనుబొమల మీద రాతిపొడి ఇంకా ఉంది. శ్రద్ధగా విన్నాడు.

"రాయంటే ఏ రాయి?" అన్నాడు. "నల్లరాయా, గుల్లరాయా?"

"అది రాయలేదు."

"అది గదా రాయాల్సింది. గుల్లరాయి మీద కడితే అదీ పోతాది."

అత్త నవ్వింది. ఎనిమిది నెలల్లో వాళ్లిద్దరూ ఒకే మాటకు నవ్వడం నేను చూడలేదు. ఆ తర్వాత గురువారాలు మామ పొద్దు గూకకముందే ఇంటికి రావడం మొదలైంది. కాళ్లు కడుక్కుని, పీట వేసుకుని, అత్త పళ్లెం పెట్టేదాకా చూసేవాడు. ఏం చెప్పినావని అడిగేవాడు. ఇంక ఎంతో దూరం లేదని అత్త నాతో అనలేదు, అనుకుంటున్నదని మాత్రం నాకు తెలిసేది.

ఆ రోజుల్లోనే ఒకసారి మామ క్యారియరు మరిచిపోతే షాపుకు తీసుకుని వెళ్లాను. ఆయన, ఇంకో ఇద్దరు కూలీలు బయట రేకుల నీడలో కూర్చుని ఉన్నారు. షెడ్డుకు గోనెపట్టాలు దించి కట్టారు. పని లేదా అని అడిగాను.

"లోపల ఆచారి బొమ్మకు కండ్లు తెరుస్తాండాడు," అన్నాడు మామ. "ఆ పని అయ్యేవరకూ మేం బయట ఉండాల."

"ఎందుకు మామా?"

"అంతవరకూ అది రాయి. నేను దాని మీద కూర్చొని రుద్దొచ్చు. కండ్లు తెరిచినాక మేం ముట్టుకోకూడదు." కోపం లేకుండా, షాపు ఎన్నింటికి తెరుస్తారో చెప్పినట్లే చెప్పాడు. క్యారియరు మూత తీసి, చారు ఒలికిందా లేదా చూసుకున్నాడు.

ఐదో వారం అధ్యాయం నేను బుధవారం మధ్యాహ్నం చూశాను. ఆ వారం మా అమ్మకు జ్వరమని ఊరికి పోయి అప్పుడే వచ్చాను, అందుకే ముందు చదవలేదు. కీర్తనల్లోది. మధ్యలో నాలుగు వచనాలు బొమ్మల గురించి. వాటికి నోరు ఉంటుంది కానీ మాట్లాడవు, కళ్లు ఉంటాయి కానీ చూడవు, చేతులు ఉంటాయి కానీ ముట్టుకోలేవు. అక్కడితో ఆగి ఉంటే సరిపోయేది. వాటిని చేసేవాళ్లు కూడా అట్లాంటివాళ్లే అని ఉంది.

మూడుసార్లు చదివాను. గురువారం సాయంత్రం మామ పీట వేసుకుని కూర్చోవడం, ఏం చెప్పినావని అడగడం, అత్త మాట మిగల్చకుండా చెప్పడం నా కళ్లముందు కనిపించింది. పండక్కి ఇంక పది రోజులే ఉంది.

గురువారం పొద్దున అత్త పిండి కలిపింది. నేను చదివాను. ఆ చోటు రాగానే పైవచనం నుంచి కింది వచనానికి దిగిపోయాను. అత్త చేయి ఆగలేదు. ఏడు రొట్టెలకే అధ్యాయం అయిపోయింది.

"ఇంతేనా?" అంది.

"ఇంతే అత్తా."

ఒక్కరోజులో నేర్చుకోవాలి కాబట్టి ఐదుసార్లు చదివించుకుంది. ఐదుసార్లూ వదిలాను. ఐదోసారికి దిగుతున్నట్లు నాకే తెలియలేదు.

ఆ మధ్యాహ్నం కమలాక్షమ్మ టీచరు వచ్చింది. ఆపరేషన్ అయ్యాక అదే మొదటిసారి గుడికి రావడం. నల్ల అద్దాలు పెట్టుకుని, పెద్ద అక్షరాల బైబిలు ఒకటి చంకలో పెట్టుకుని, గోడకు ఆనుకుని కూర్చుంది. మా వీధిలో సగం మందికి అఆలు నేర్పిన మనిషి. అందరూ జరిగి చోటు ఇచ్చారు. అత్త ఆమెను ముందుకు వచ్చి జరిపించమంది. "నువ్వు బాగా చెప్తాండావంట, ఇని పోదామని వచ్చినా," అంది టీచరు.

అత్త చెప్పింది. టీచరు నల్ల అద్దాలు తీసి, బైబిలు ముఖానికి దగ్గరగా పెట్టుకుని, వేలు పెట్టుకుంటూ వింటోంది. ఆ వేలు ఒకచోట ఆగడం నేను చూశాను. అత్త ముందుకు పోతోంది. వేలు అక్కడే ఉంది.

అయిపోయాక టీచరు అంది. "దేవమ్మా, నడమ నాలుగు వచనాలు వదిలినావు."

అత్త పుస్తకం వైపు చూసింది. "ఏవి అక్కా?"

టీచరు చదివింది. బడిలో చదివినట్లే, ఆగాల్సిన చోట ఆగుతూ, స్పష్టంగా. చేసేవాళ్ల గురించిన మాట కూడా చదివింది. సామేలు ఎక్కడ పని చేస్తాడో తెలియనివాళ్లు అక్కడ లేరు.

"నాకు నీ మీద కోపం ల్యా," అంది టీచరు. "అయితే ఇంటాయన కూలి చూసుకొని దేవుని మాట దాచిపెడితే ఎట్ల? నిన్ను నమ్మి గదా వీళ్లంతా వినేది."

నేను చెప్పాలి అప్పుడు. నోరు తెరవలేకపోయాను. నోటుపుస్తకం గట్టిగా పట్టుకుని కూర్చున్నాను.

అత్త బైబిలు మూసింది.

"నేను దాచలేదక్కా," అంది. "నాకు అచ్చరాలు రావు."

ఎవరో నవ్వారు, పరాచికం అనుకుని. తర్వాత ఆ నవ్వు ఆగిపోయింది.

"పాటల పుస్తకం కూడా ఊరికే పట్టుకుంటా. ఇంటికాడ ఒకరు చదివితే విని ఈడ చెప్తాండా. నేను విన్నంతవరకే నాకు తెలుసు." లేచి, గది దాటి వెళ్లి బైబిలు టీచరు ఒళ్లో పెట్టింది. "ఇంగ నువ్వు జరిపించు."

ఒకరు చదివితే అంది. కోడలు అనలేదు, నా వైపు చూడలేదు. ఆ రోజు మనవులు రాయలేదు. గోవిందమ్మ ఒక్కతే, ముప్పై ఏండ్లు పుస్తకం తలకిందులు కాకుండా ఎట్ల పట్టుకుందో అని మెల్లగా అనుకుంటూ చెప్పులు వెతుక్కుంది.

ఇంటికి వచ్చేదాకా అత్త నాకు నాలుగడుగుల ముందే నడిచింది. లోపలికి వచ్చి కొంగుతో ముఖం తుడుచుకుని అడిగింది.

"ఎందుకు వదిలినావు?"

"సాయంత్రం మామకు చెప్తావు గదా. అందుకు."

గట్టు మీద బిందె సర్దింది, మూత పెట్టింది.

"నీది మంచి బుద్ధే," అంది చివరకు. "అయితే నాకు కండ్లు లేవు అమృతా. నువ్వు పెట్టిన చోటే కాలు పెడతాండా. ఇంగెప్పుడూ వదలద్దు. మంచిదైనా చెడ్డదైనా అంతా చదువు."

సాయంత్రం మామ పొద్దు ఉండగానే వచ్చాడు. పీట వేసుకున్నాడు. అత్త రొట్టె, వంకాయ కూర పెట్టింది. ఆయన అడిగాడు. నేను లోపల దీపం దగ్గర బట్టలు మడుస్తున్నాను, అదివరకే మడిచినవి.

అత్త మొదటి నుంచి చెప్పింది. నడిమి నాలుగు వచనాలు టీచరు ఒక్కసారి చదివితే విన్నవి, అవి కూడా ఒక్క మాట పోకుండా చెప్పింది. చేసేవాళ్ల గురించిన మాట దగ్గర గొంతు తగ్గలేదు, హెచ్చలేదు.

మామ రొట్టె ముక్కను కూరలో అద్ది నోట్లో పెట్టుకున్నాడు. నమిలి మింగాడు.

"అవి నాకు వచ్చు," అన్నాడు.

"ఎట్ల?"

"తొమ్మిదేండ్ల కింద ఉజ్జీవ కూటాలు పెట్టినారే, అప్పుడు వచ్చిన ప్రసంగీకుడు చదివినాడు. బల్లకాడ. నేను చేయి చాపుకొని నిలబడినా. యాడ పని చేస్తావని అడిగినాడు, చెప్పినా. ఆ నాలుగూ చదివి, ఈ చేతుల్లో రొట్టె పెట్టను, ఆ పని మానుకొని రాపో అన్నాడు. సంఘం పెద్దలు నలుగురు పక్కనే ఉండారు. ఎవురూ ఏం అనలే. నేను పక్కకి జరిగి, అట్లే బయటకి వచ్చినా."

అత్త చేతిలో గరిటె ఉంది. "నేను యాడ ఉన్నా?"

"మీ అమ్మ పోయిందని కోయిలకుంట్లలో ఉండావు."

"నాకెందుకు చెప్పలే?"

"నువ్వు పాట ఎత్తేదానివి," అన్నాడు మామ. "చెప్తే మల్లా ఎత్తుతావా?"

మామ నీళ్లు తాగి చెంబు కింద పెట్టాడు.

"గురువారం గురువారం నా పేరు పెట్టి అడుగుతాండారంట. గోవిందమ్మ కొడుకు షాపుకాడ చెప్పి నగినాడు. రావద్దన్న తావుకు రమ్మని దేవుణ్ణి అడుగుతాండారు. ఆయనకైనా తిక్కగా ఉండదా?"

మాటల్లో కోపం లేదు. ఇంకో రొట్టె కావాలన్నాడు. అత్త వేసింది.

మరుసటి వారం పొద్దున కూడా అత్త పిండి కలిపింది, నన్ను చదవమంది. అది పండగ ముందటి గురువారం. ఇంక ఎవరు జరిపిస్తారో తెలియదు కదా అన్నాను. "చదువు," అంది. పది రొట్టెలు, ఒక అధ్యాయం. ఏదీ వదల్లేదు.

మూడింటికి గదిలో ముందు చోటు టీచరు కూర్చుంది. అత్త పోయి ఆడవాళ్ల మధ్యలో కూర్చుంది. టీచరు చదివింది, అర్థం చెప్పింది. అంతా సరిగ్గా ఉంది. గోవిందమ్మ మధ్యలోనే నిద్రపోయింది, ఇద్దరు ముగ్గురు ఆవలించారు. మనవులు అడగగానే గోవిందమ్మ లేచి, ఎప్పటి అలవాటుగా సామేలు పేరు చెప్పింది. నేను రాశాను.

"ఆ పేరు కొట్టెయ్ అమృతా," అంది అత్త.

కొట్టేశాను.

"ఆయన కోసం ఇంగ ఎవురూ అడగొద్దు," అంది అందరితో. "మన కోసం అడుగుదాం." తర్వాత మామ చెప్పింది చెప్పినట్లు చెప్పింది. చేయి చాపుకుని నిలబడిన సంగతి, పక్కకు జరిగిన సంగతి. తన మాట ఒక్కటి కూడా అందులో కలపలేదు. బావి దగ్గరి ఆమె కథ చెప్పినట్లే చెప్పి కూర్చుంది.

పెద్దల్లో ఇద్దరి భార్యలు అక్కడే ఉన్నారు, తలలు దించుకున్నారు. టీచరు నల్ల అద్దాలు తీసి చేతిలో పట్టుకుంది. ఆపరేషన్ చేసిన కంట్లో నీళ్లు కారుతున్నాయి, అవి ఎప్పుడూ కారేవో కావో నాకు తెలియదు.

"ఆ పొద్దు వరుసలో నేను సామేలు ఎనకాలే ఉన్నా," అంది. "ఆయన పక్కకి జరిగితే, నేను ముందుకు పోయి చేయి చాపినా."

ఆ రోజు ప్రార్థన జరగలేదు. పాట ఎత్తమని కూడా ఎవరూ అత్తను అడగలేదు.

శుభ శుక్రవారం ఆరాధనకు అత్త వెళ్లింది, వెనక కూర్చుంది. శనివారం సాయంత్రం మామ పని నుంచి వచ్చి, స్నానం చేసి, ఇంటి ముందు మంచం వేసుకుని కూర్చున్నాడు. అత్త లోపల చేటలో శనగలు చెరుగుతోంది. టీచరు వచ్చింది, ఒక్కతే. ఎండకు చీర కొంగు తల మీదికి లాక్కుని ఉంది. నేను కుర్చీ తెచ్చి లోపల వేశాను. మామ కూడా లేచి లోపలికి వచ్చి గోడ పక్కన నిలబడ్డాడు. చిన్నప్పుడు ఆమె బడిలో రెండో తరగతి వరకు చదివాడంట.

టీచరు కూర్చోలేదు. అయ్యగారి దగ్గరికి పోయి వచ్చానని చెప్పింది. ఆయన వచ్చి రెండేళ్లే అయింది, ఈ సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదంట. సామేలు వస్తే తనకు అభ్యంతరం లేదని, పెద్దల్లో ఒకరిద్దరు మాత్రం ఏమంటారో తెలియదని అన్నారంట. అదంతా చెప్పి మామ వైపు తిరిగింది.

"రేప్పొద్దున వరుసలో నా ముందర నిలబడు సామేలూ."

"సోమవారం మల్లా పనికి పోతా టీచరమ్మా. అది మానేది లేదు."

"మానమని చెప్పేదానికి రాలే."

"మల్లా ఎవురన్నా వద్దంటే?"

"నీకు వద్దంటే నేనూ తీసుకోను," అంది టీచరు. "ఆ మాట పెద్దలకి చెప్పే వచ్చినా."

అత్త చేట ఆపి వింటోంది. రమ్మని అనలేదు. తొమ్మిదేళ్లుగా మనసులో పెట్టుకున్న మాట, నాలుగు వారాలు అందరి చేతా అడిగించిన మాట, ఆ నిమిషం ఆయన ఎదురుగా ఉండి కూడా అనలేదు. చేటలో పుచ్చు శనగ ఒకటి కనిపిస్తే తీసి పక్కన పెట్టింది.

మామ ముగ్గురినీ దాటుకుని లోపలి గదిలోకి వెళ్లాడు. ట్రంకుపెట్టె మూత చప్పుడు వినిపించింది. ఏవో తీసి పక్కన పెడుతున్నాడు. బయటకు వచ్చినప్పుడు చేతిలో మా పెళ్లికి తొడుక్కున్న తెల్ల చొక్కా ఉంది, అప్పటి నుంచి ఒకే మడతలో ఉండి గీతలు పడింది. దాన్ని విప్పి వెలుతురుకు పెట్టి చూశాడు. వీధి చివర ఇస్త్రీ బండి ఇంకా తీసేయలేదు. చొక్కాను చంకలో పెట్టుకుని, చెప్పులు తొడుక్కుని, అటువైపు వెళ్లిపోయాడు.